ఇంతకీ మీ గైడు పేరేంటి?

మా టీంలో ఈమధ్య హిమాలయం ట్రెక్కుల పిచ్చి బాగా ముదిరింది. వెనకటికి ఎవరైనా వారం రోజులు లీవు పెడితే ఊరెళ్తున్నారని అర్థం. ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఎక్కడో ఫోను సిగ్నల్ అందని చోట ఉంటారని అర్థం. మంచిదే. హయత్‌నగర్ నుంచి గచ్చిబౌలికి రోజూ పడీ లేస్తూ వెళ్ళొచ్చే నాలాంటివాడికి సిగ్నల్ అందని చోటు మీద మోజు ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఫోటోలు చూపిస్తారు. ఎన్ని కిలోమీటర్లు నడిచారో వాచీ చూసి చెప్తారు. ఎంత ఎత్తుకి ఎక్కారో అడుగుల్లో చెప్తారు. జాకెట్టు ఏ కంపెనీదో, ఎంత డిస్కౌంటులో దొరికిందో అదీ చెప్తారు. నేను మాత్రం ఒకటే అడుగుతుంటాను. "మీ గైడు పేరేంటి?"

చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ఎవరో లోకల్ అతనండీ, భయ్యా అని పిలిచేవాళ్ళం" అంటారు.

వాళ్ళని ఎత్తిపొడవడానికి ఈ టపా రాయడం లేదు. ఈ "ఎవరో లోకల్ అతను" అన్న మాటకి రెండొందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఆల్ప్స్ కొండలున్నాయి, కుమావూఁ ఉంది, మన హైదరాబాదు కూడా ఉంది. నెల్లూరు జిల్లా, నిజామాబాదు జిల్లా పిల్లలున్నారు. దాన్ని నాకు అర్థమైనంతలో ఒకచోట పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు గ్లేసియర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని హిమానీనదం అన్నారు. నది అనే మాట దానికి అచ్చంగా సరిపోతుంది. మంచు ఏళ్ళ తరబడి పేరుకుని, తన బరువుకి తనే నొక్కుకుపోయి గట్టి ఐసుగా మారి, మెల్లగా కిందికి పాకుతూ ఉంటుంది. రోజుకి కొన్ని అంగుళాలు, కొన్నిచోట్ల అడుగులు. మలుపు తిరిగేచోట, అడుగున రాయి ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఆ ఐసు పగుళ్ళిస్తుంది. ఒక్కో పగులు పదుల అడుగుల లోతు ఉంటుంది. అసలు ప్రమాదం ఆ పగులు కాదు. కొత్తగా కురిసిన మంచు దాని మీద మూతలాగా పరుచుకుంటుంది. చూడ్డానికి మన స్కూలు గ్రౌండు అంత చదునుగా ఉంటుంది. కాలు పెడితే లోపలికి.

అంటే అక్కడ నేలే కదులుతోందన్నమాట. నిరుటి దారి ఈ ఏడాది ఉండదు. పొద్దున గట్టిగా ఉన్న మంచు మధ్యాహ్నం ఎండకి మెత్తబడుతుంది. మ్యాపు కొంతవరకే పనికొస్తుంది. మన భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటు రాసేలోపే పాతబడిపోయే ప్రాజెక్టు అది. అసలు డిజైనంతా అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనిషి బుర్రలో ఉంటుంది. అందుకే గ్లేసియర్ మీద గైడు అవసరం పడింది. కోటలో "ఈ గోడ ఫలానా నవాబు కట్టించాడు" అని చెప్పే గైడు వేరు, ఇతను వేరు. ఇతను కాలు ఎక్కడ పెట్టాలో చెప్తాడు. అంతకంటే ముఖ్యంగా, ఎక్కడ పెట్టకూడదో, ఎప్పుడు వెనక్కి తిరగాలో చెప్తాడు.

చామోనీలో 1820

డబ్బులు తీసుకుని మంచు మీద మనుషుల్ని నడిపించడం ఒక వృత్తిగా మొదలైంది ఫ్రాన్సులోని చామోనీ లోయలో. మాంట్ బ్లాంక్ శిఖరానికి దారి కనిపెట్టినవాళ్ళకి బహుమతి ఇస్తానని జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ 1760లో ప్రకటించాడు. 1786 ఆగస్టు 8న జాక్ బాల్మా, మిషెల్ పకార్ అనే ఇద్దరు పైకి చేరారు. బాల్మా కొండల్లో స్ఫటికాలు ఏరుకునేవాడు, పకార్ ఆ ఊరి డాక్టరు. ఆ తర్వాత డబ్బున్న యాత్రికులు రావడం మొదలైంది. కొండల్లో వేటాడేవాళ్ళు, స్ఫటికాలు ఏరేవాళ్ళు గైడులయ్యారు.

1820 ఆగస్టులో హామెల్ అనే శాస్త్రవేత్త రష్యా నుంచి వచ్చి శిఖరం ఎక్కుతానన్నాడు. మధ్యలో వాతావరణం చెడింది. కిందికి పోదామన్న మాట వచ్చినా, పైకి పోదామన్న పట్టుదలే నెగ్గింది. ఆగస్టు 20న కాళ్ళ కింది మంచు జారి, ముందు నడుస్తున్న గైడులు ఒక పగుల్లో పడిపోయారు. ముగ్గురు పోయారు: పియేర్ బాల్మా, పియేర్ కారియే, ఓగస్ట్ తేరాజ్. డాక్టర్ హామెల్ బతికి బయటపడ్డాడు.

మరుసటి ఏడాది, 1821లో, చామోనీ గైడులందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రపంచంలో గైడుల సంఘాల్లో అదే మొదటిది, ఇప్పటికీ నడుస్తోంది. దాంట్లో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, పోయినవాళ్ళ కుటుంబాలకీ దెబ్బతిన్నవాళ్ళకీ సాయం చేసే నిధి. రెండోది, పని అందరికీ వంతులవారీగా రావాలన్న నియమం. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో రౌండ్ రాబిన్ అని చదువుకున్నాం గుర్తుందా? అదే. డబ్బిచ్చే దొర దగ్గర ఒకడితో ఒకడు పోటీపడి, భయం వేసినా "సరే పదండి" అనాల్సిన అవసరం రాకుండా చేసిన ఏర్పాటు అని నేను అర్థం చేసుకున్నాను.

ఈ కథకి ఒక ముగింపు ఉంది. 1861లో, అంటే 41 ఏళ్ళ తర్వాత, బోసాన్ గ్లేసియర్ కింది చివర ఆ ముగ్గురి అవశేషాలు బయటపడ్డాయి. గ్లేసియర్ కదులుతుందని పుస్తకాల్లో చదవడం వేరు. ఒక లోయ మొత్తం, తాము ఎప్పుడో పోగొట్టుకున్నవాళ్ళని ఐసు తిరిగి తెచ్చి గుమ్మంలో పెట్టడం చూసింది.

అదే రోజుల్లో మన దగ్గర

మన వైపు గ్లేసియర్లు ఎక్కడివండీ, ఎండలు తప్ప, అంటారా? నిజమే. కానీ హిమాలయాల్ని కొలిచిన పని నడిచొచ్చింది మన దారినే. 1802లో మద్రాసు పరంగిమలై దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. లాంబ్టన్‌కి సహాయకుడిగా వచ్చినవాడు జార్జ్ ఎవరెస్ట్. 1819లో అతన్ని కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో పనికి పంపారు. వానాకాలంలో ఆ అడవి జ్వరం జట్టు జట్టంతటినీ పడగొట్టింది. ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో గుడ్‌హోప్ అగ్రం దాకా పోవాల్సి వచ్చింది. లాంబ్టన్ 1823లో హైదరాబాదు నుంచి నాగపూర్ పోతూ దారిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు.

ఎవరెస్ట్‌కి ఓడలో పోయి గాలి మార్చుకునే వీలుంది. జెండాలు పట్టుకుని గుట్టలెక్కిన ఖలాసీలకి, థియోడొలైట్ మోసిన కూలీలకి ఆ వీలు లేదు. నడిచింది వాళ్ళు, చెట్లు కొట్టింది వాళ్ళు, అదే జ్వరంతో పడుకున్నదీ వాళ్ళే. 1852 ప్రాంతంలో 15వ నంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తైనదని లెక్క తేల్చిన రాధానాథ్ సిక్దర్ పేరు ఈమధ్య మనకి కాస్త వినబడుతోంది. 1856లో ఎత్తు 29,002 అడుగులని ప్రకటిస్తూ ఆండ్రూ వా దానికి తన పాత బాసు పేరు పెడదామన్నాడు. 1865కి అది ఖాయమైంది. హైదరాబాదు అడవుల్లో జ్వరపడ్డవాడి పేరు ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఐసు మీద నిలబడింది. ఆ అడవుల్లో అతనికి దారి చూపినవాళ్ళ పేర్లు ఎక్కడా నిలబడలేదు.

మాకు ఎల్.బి.నగర్ నుంచి ఉప్పల్ వెళ్తే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ శిక్షణ సంస్థ తగులుతుంది. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఆ ఖలాసీలే గుర్తొస్తారు.

1830 అనే సంవత్సరం

చరిత్ర చదివేటప్పుడు నాకు ఒక అలవాటుంది. ఒక సంవత్సరం పట్టుకుని, ఆ ఏడాది ఎక్కడెక్కడ ఏం జరుగుతోందో పక్కపక్కన పెట్టి చూస్తాను. 1830 అలా చూడాల్సిన ఏడాది.

ఆ ఏడాది మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసేవాడు. పల్లకీలో, సుమారు వందమంది పరివారంతో, హైదరాబాదు మీదుగానే పోయాడు. పదిహేను నెలలు తిరిగాడు. 'కాశీయాత్ర చరిత్ర' మన భాషకి దొరికిన గొప్ప పుస్తకం, నాకు చాలా ఇష్టం. అయినా ఒక మాట అనుకోవాలి. పల్లకీలో కూర్చున్నాయన పేరు అట్ట మీద ఉంది. మోసిన బోయీలు పుస్తకం లోపల ఒక గుంపుగా ఉండిపోయారు. ఇది ఇంగ్లీషువాళ్ళు నేర్పిన అలవాటు కాదు, మన దగ్గరా ఉన్నదే.

అదే 1830లో కుమావూఁ కమిషనర్ ట్రెయిల్ పిండారీ గ్లేసియర్ తలవైపున్న ఒక కనుమ దాటే ప్రయత్నం చేశాడు. నందాదేవికీ నందాకోట్‌కీ మధ్య, 5,300 మీటర్ల పైన ఉంటుంది. పిండర్ లోయ నుంచి అటు జోహార్ లోయకి అడ్డదారి అవుతుందని ఆశ. సూపి అనే ఊరి మలక్ సింగ్ దారి చూపించాడని, ముందు దాటింది ఆయనేనని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. మ్యాపులో మాత్రం ఆ కనుమ పేరు ట్రెయిల్స్ పాస్.

అదే 1830లో, ఆ కనుమకి అటువైపు జోహార్ లోయలో నైన్ సింగ్ రావత్ పుట్టాడు. వీళ్ళది మిలం గ్రామం, మిలం గ్లేసియర్ కాళ్ళ దగ్గర ఉంటుంది. ఇతని సంగతి మన వాళ్ళందరూ తెలుసుకోవాలి, ఎందుకంటే అచ్చంగా ఇంజనీరింగ్ కథ ఇది. టిబెట్‌లోకి తెల్లవాళ్ళని రానివ్వరు. అందుకని సర్వే వాళ్ళు కొండ మనుషులకి డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చి, యాత్రికుల వేషంలో పంపారు. నైన్ సింగ్ అడుగు కొలత ఎప్పుడూ ఒకేలా పడేట్టు సాధన చేశాడు, రెండు వేల అడుగులకి ఒక మైలు. జపమాలలో 108 పూసలుండాలి కదా, ఇతని మాలలో 100 ఉంటాయి. వంద అడుగులు నడిస్తే ఒక పూస జరుపుతాడు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు, ఐదు మైళ్ళు. నోట్సు ప్రార్థన చక్రంలో దాచేవాడు. నీళ్ళు ఏ వేడి దగ్గర మరుగుతున్నాయో చూసి ఎత్తు లెక్కకట్టేవాడు. 1866 జనవరిలో లాసా చేరాడు. ఆ యాత్రలో నడిచింది సుమారు 1200 మైళ్ళు, అంటే 24 లక్షల అడుగులు. అన్నీ లెక్కపెట్టుకుంటూ.

గూఢచర్యం కాబట్టి రిపోర్టుల్లో పేరు రాసేవాళ్ళు కాదు. "పండిట్" అని రాసేవాళ్ళు, అంతే. అక్కడ పేరు తీసెయ్యడానికి కారణమైనా ఉంది. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి బంగారు పతకం ఇచ్చింది, ఆ పేరు బయటికొచ్చింది. మలక్ సింగ్‌కి ఆ అదృష్టం పట్టలేదు.

పిండారీలో నేను చూసింది

నేనూ పిండారీ దాకా ఒకసారి వెళ్ళాను. లోహార్‌ఖేత్, ఢాకురీ, ఖాతీ, ద్వాలీ, ఫుర్కియా, అక్కణ్ణుంచి జీరో పాయింట్. మొదటిసారి హిమాలయం వెళ్ళేవాళ్ళకి చక్కటి దారి. ఢాకురీలో పొద్దున్నే మంచు కొండలు ఒక్కసారిగా కనబడతాయి, ఖాతీ దాటాక నది మోత తప్ప ఏమీ వినబడదు. దీని గురించి చాలామంది రాశారు, నేను మళ్ళీ రాయను.

నేను చెప్పాలనుకున్నది మా గైడు గురించి. ఆ లోయవాడే. (పేరు బాగా గుర్తుంది. అతన్ని అడక్కుండా ఇక్కడ పెట్టడం బాగోదని రాయడం లేదు.) ఫుర్కియా చేరేసరికి ఇంకా చాలా పొద్దుంది. "ఎలాగూ వచ్చాం కదా, ఇప్పుడే పైకి పోయొచ్చేద్దాం, ఒక రోజు కలిసొస్తుంది" అన్నారు మాలో కొందరు. అతను ఒప్పుకోలేదు. ఎండ పడ్డాక మంచు మెత్తబడుతుందనీ, పైనుంచి రాళ్ళు జారతాయనీ, చీకటితో లేచి పోదామనీ చెప్పాడు. గొణుగుడు మొదలైంది. ఒకాయన "మేం డబ్బులు కట్టాం కదా" అని కూడా అనేశాడు. అతను నవ్వి టీ పెట్టించాడు. అంతే, వాదన లేదు. మర్నాడు వెళ్ళాం, వచ్చాం.

జీరో పాయింట్ దగ్గర నిలబడితే గ్లేసియర్ అక్కడెక్కడో దూరంగా, పైన కనిపించింది. "మా నాన్న చిన్నప్పుడు ఇంకా చాలా కిందిదాకా ఉండేదట" అని చెయ్యి చాపి చూపించాడు. ఇంటికొచ్చాక చదివితే, 1845 నుంచి 1966 మధ్య పిండారీ ముఖం సుమారు 2,840 మీటర్లు వెనక్కి పోయిందని జియాలజికల్ సర్వే లెక్క. సగటున ఏడాదికి 23 మీటర్లకి పైనే. అతను చేత్తో చూపించిందీ, సర్వే వాళ్ళు గొలుసేసి కొలిచిందీ ఒకటే విషయం. ఇవాళ మన బాలానగర్‌లో రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ళు ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని హిమాలయాల్లోని మంచు సరస్సుల అట్లాసులు తయారుచేశారు. చాలా అవసరమైన పని. గట్టు తెగితే ఏమవుతుందో 2013లో కేదారనాథ్‌లో, 2023లో సిక్కింలో చూశాం. అయితే సరస్సు పెరుగుతోందని ఉపగ్రహం చెప్పగలదు కానీ, ఇవాళ పొద్దున ఈ మంచు వంతెన మన బరువు ఆపుతుందా లేదా అన్నది కర్రతో పొడిచి చూసేవాడే చెప్పాలి.

భువనగిరి గుట్ట నుంచి

ఇరవయ్యో శతాబ్దంలో ఈ కథంతా షెర్పాలది. 1922లో ఎవరెస్ట్ మీద హిమపాతంలో ఏడుగురు మోతగాళ్ళు పోయారు. ఆ కొండ మీద మొదటి పెద్ద ప్రమాదం అది, పోయినవాళ్ళలో ఒక్క తెల్లవాడూ లేడు. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ ఎక్కారు. ఒక మోతగాడి పేరు మొదటిసారి దొర పేరు పక్కన సమానంగా నిలబడింది. 1954 నవంబరులో డార్జిలింగ్‌లో పర్వతారోహణ సంస్థ పెట్టి, టెన్సింగ్‌ని శిక్షణకి పెద్దగా వేశారు. గైడు గురువయ్యాడు. నా దృష్టిలో శిఖరం ఎక్కడం కంటే ఇదే పెద్ద మార్పు.

అరవై ఏళ్ళ తర్వాత ఆ బడికి మన పిల్లలు వెళ్ళారు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే పిల్లల్ని ఏరి, భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్పారు. మా హయత్‌నగర్ నుంచి భువనగిరి ఎంత దూరం, గట్టిగా గంట ప్రయాణం. ఆదివారం పూట మనం కోట చూసి ఫోటోలు దిగి వచ్చే గుట్టే అది. అక్కడ శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర తాడు పట్టుకోవడం నేర్చుకున్న పిల్లలు, తర్వాత డార్జిలింగ్‌లో, లడాఖ్ చలిలో శిక్షణ పొందారు. చివరికి నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు.

మనందరం సంబరపడ్డాం, పడాల్సిందే. అయితే అదే ఏడాది, ఐదు వారాల పైచిలుకు ముందు, ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ ఐసుపాతంలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు. గైడులు, మోతగాళ్ళు. పైనున్న క్యాంపులకి సామాన్లు చేరవేసే పనిలో ఉన్నారు. తక్షణ సాయంగా ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ప్రకటించింది 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు తిరగబడ్డారు, పని ఆపేశారు, ఆ వైపు సీజను దాదాపు మూతపడింది. మన పిల్లలు టిబెట్ వైపు నుంచి ఎక్కారు కాబట్టి వాళ్ళ యాత్ర సాగింది. (నేపాల్‌లో పదహారేళ్ళ లోపువాళ్ళకి అనుమతి లేదు.) అటువైపు కూడా వాళ్ళ వెంట షెర్పాలున్నారు. పూర్ణ, ఆనంద్ పేర్లు మనకి నోటికొచ్చు. ఆ పదహారు మంది పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

మస్తాన్‌బాబు సంగతి

ఇక్కడ మన బిరాదరీ మనిషి గురించి చెప్పకపోతే ఈ టపా అసంపూర్ణం. మల్లి మస్తాన్‌బాబుది నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీజనసంగం. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. ఆ స్కూల్లోనే చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో సైన్యం తరఫున ఎవరెస్ట్ వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఆయనే మస్తాన్‌బాబుకి స్ఫూర్తి. తర్వాత జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీ, సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ పైన కలకత్తా ఐఐఎం. ఈ లిస్టు చూస్తే మన పక్క క్యూబికల్ మనిషి అనిపిస్తాడు.

2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కేశాడు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న అకాంకాగువా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కొసియస్కో, మే 21న ఎవరెస్ట్, జూన్ 13న ఎల్బ్రస్, జూలై 10న డెనాలి. ఆ తేదీలకి వారాలు వేసి చూడండి: గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమ. ఏడు కొండలు, ఏడు వారాలు. ఒక్క వారం కూడా రెండోసారి రాలేదు.

2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ మీద శిఖరం వైపు ఒంటరిగా వెళ్ళాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తర చిలీ మీద పెద్ద తుఫాను విరుచుకుపడింది. అటకామా ఎడారిలో వరదలొచ్చాయి. ఏప్రిల్ మొదటి వారంలో అతని శరీరం దొరికింది. నలభై ఒకటో ఏడు కూడా నిండలేదు.

దీన్నుంచి "చూశారా, గైడు లేకుండా పోతే ఇంతే" అని నీతి తీసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అతను ఎన్నో ఏళ్ళు కొండల్లోనే బతికిన మనిషి. ఒంటరిగా ఎక్కడం ఒక విద్య. ఆ విద్యలో అన్ని నిర్ణయాలూ, వాటి ఖరీదూ ఆ మనిషివే. తన బదులు ఇంకొకణ్ణి ముందు నడిపించలేదు. దాన్ని నేను గౌరవిస్తాను.

మనం వెళ్ళే గైడెడ్ ట్రెక్కు అలాంటిది కాదు. అక్కడ మన నిర్ణయాల ఖరీదు ఇంకొకడు కడతాడు. పోనీ గైడుంటే చాలా అంటే, అదీ కాదు. 1996 మేలో ఎవరెస్ట్ మీద ఎనిమిది మంది చనిపోయారు. వాళ్ళలో రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ అనే ఇద్దరు ప్రపంచ ప్రసిద్ధ గైడులున్నారు. మధ్యాహ్నం రెండింటికల్లా ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్న మాట ముందే ఉంది. హాల్ జట్టులో ఒక కస్టమరు అంతకుముందు ఏడాది శిఖరం దగ్గరదాకా వచ్చి వెనక్కి తిరిగినవాడు. ఈసారి రెండు దాటినా ఆగలేదు. ఇద్దరూ కిందికి రాలేదు. 1820లో హామెల్, 1996లో ఇది. వందా డెబ్భై ఆరేళ్ళ తేడా, బగ్గు అదే. తెలిసినవాడు "వద్దు" అనాలి, డబ్బు కట్టినవాడు "కావాలి" అంటాడు, చివరికి రెండోవాడి మాటే నెగ్గుతుంది.

ఈ బగ్గు మనకి కొత్తదేం కాదు. టెస్టింగ్ కుర్రాడు "ఇది ఇంకా రెడీ కాలేదు సార్" అంటాడు. క్లయింటు అడిగాడని శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేసేస్తాం. మన దగ్గర శనివారం మొత్తం కూర్చుని సర్దుకుంటాం. ఐసు మీద శనివారం ఉండదు.

రేటింగుల కాలం వచ్చాక ఇది ఇంకా ముదిరింది. "గైడు మమ్మల్ని పైదాకా తీసుకెళ్ళలేదు, ఒక స్టారు" అని రాసేముందు ఆలోచించండి. వెనక్కి తిప్పినందుకు ఒక స్టారు పడిన గైడు, వచ్చేసారి మబ్బు పట్టినా "పదండి సార్" అంటాడు. ఆ సార్ మీరు కాకపోవచ్చు. ముందు నడిచేవాడు మాత్రం అతనే. చామోనీ వాళ్ళు రెండొందల ఏళ్ళ కింద వంతుల పద్ధతి పెట్టుకుని ఆపాలనుకున్న పోటీని మనం ఫోన్లో నొక్కి మళ్ళీ తెచ్చిపెడుతున్నాం.

అందుకని నా మటుకు నాకు, డబ్బు కట్టేముందు నాలుగు విషయాలు తేలాలి. గైడుకి, మోతగాళ్ళకి ఇన్సూరెన్సు ఉందా? ఒక్కో మనిషి మీద ఎన్ని కిలోలు ఎక్కిస్తున్నారు? మనకిచ్చే టెంటు, బూట్లు లాంటివే వాళ్ళకీ ఉన్నాయా? వాతావరణం బాగోక గైడు వెనక్కి తిప్పితే అతని కూలి పూర్తిగా చేతికొస్తుందా? కంపెనీ వాళ్ళు నాలుగోదానికి నీళ్ళు నమిలితే ఆ కంపెనీ వద్దు. వెనక్కి తిరిగితే కూలి కోసుకుపోతుందనుకున్న మనిషి దగ్గర మనం నిజం ఆశించకూడదు.

కొండల మీదికి వెళ్ళొచ్చిన మిత్రులు చాలామంది ఉన్నారు కదా. మీ గైడు మిమ్మల్ని ఎప్పుడైనా వెనక్కి తిప్పాడా? అప్పుడు మీరేమన్నారు? తీరిక చేసుకుని రాయండి. శిఖరాల ఫోటోలు చాలా చూశాం. వెనక్కి తిరిగిన కథలు కూడా నాలుగు పోగైతే బాగుంటుంది.